పెరటి ముచ్చట్లు: మన్ను అడగని మొక్క

ఈ రెండు నెలలుగా నాకు వచ్చే ఉత్తరాలలో గులాబీలను గూర్చీ, చేమంతులను గూర్చీ అడిగేవారు తగ్గారు. ఆర్కిడ్లను గూర్చి అడిగేవారు పెరిగారు. గృహప్రవేశానికి ఎవరో బహుమతిగా ఇచ్చారని ఒకరు, బెంగుళూరులో ఉన్న కొడుకు కొరియరులో పంపాడని ఒకరు, కడియం నర్సరీలు చూడబోయి ముచ్చటపడి తెచ్చుకున్నామని ఇంకొకరు. మొక్క ఇంటికి వచ్చిన దారి ఏదైనా ఉత్తరం చివర ప్రశ్న మాత్రం ఒక్కటే: "దీనికి ఏ మన్ను వెయ్యమంటారు?"

వెయ్యవద్దండీ. ఎర్రమన్ను వద్దు, నల్లమన్ను వద్దు, చెరువుమన్ను అసలే వద్దు. ఇంట్లో పెంచుకోవటానికి మనకు దొరికే ఆర్కిడ్లలో నూటికి తొంభై మన్నులో బ్రతికేవి కావు.

ఇంతటితో జవాబు ముగించవచ్చు గాని, మీరు ఊరుకోరని నాకు తెలుసు. మన్ను కాకపోతే మరేమిటి? ఈ వారం పేజీ అంతా ఆ 'మరేమిటి'కే. అందులోనూ మా కనిగిరి వంటి ఊళ్ళో, వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటే చోట, బోరునీరు సబ్బుకు నురగ రానివ్వని చోట, ఈ ప్రశ్నకు పుస్తకంలో ఉన్న జవాబు ఉన్నట్టుగా పనికిరాదు. పుస్తకాలు వ్రాసినవారి ఎండలు వేరు, వాళ్ళ నీళ్ళు వేరు.

మనకు మొక్క అంటే బిడ్డతో సమానం. బిడ్డ వాడినట్లు కనిపిస్తే మనం ముందు చేసే పని తిండి పెట్టటం. అందుకనే ఆర్కిడు ఇంటికి రాగానే ఎర్రమన్ను జల్లించి, మాగిన పశువుల ఎరువు కలిపి, గుప్పెడు వేపపిండి వేసి, శుభ్రమైన కుండీలో నాటి, పొద్దునొక చెంబు, సాయంత్రమొక చెంబు నీళ్ళు పోస్తాం. నెల తిరిగేసరికి ఆకులు పసుపెక్కుతాయి. మొదలు మెత్తబడుతుంది. పట్టుకొని లాగితే మొక్క చేతిలోకి వచ్చేస్తుంది. వేళ్ళు కుండీలోనే ఉండిపోతాయి, నానిన కాగితంలా. "చీడ పట్టింది కాబోలు" అనుకుంటాం. చీడా కాదు, దిష్టీ కాదు. ఊపిరాడక పోయింది.

ఈ సంగతి అర్థం కావాలంటే ఒక్కసారి చెట్టు మీదికి చూడాలి. మన మెట్ట పొలాల గట్ల మీదా, నల్లమల అడవుల్లోనూ చెట్ల కొమ్మలకు అంటుకొని మందపాటి ఆకులతో ఒక మొక్క పెరుగుతుంది. పల్లెల్లో దానిని బదనిక అంటారు, వదనిక అంటారు. పూస్తే పసుపూ గోధుమా కలిసిన రేకుల మీద గళ్ళ గళ్ళ చారలు, నడుమ నీలపు నాలుక. అది అచ్చమైన ఆర్కిడు. సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మన తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో 1795లో ప్రకటించిన గ్రంథంలో దాని బొమ్మా వివరాలూ ఇచ్చాడు. తరువాత 1820లో రాబర్ట్ బ్రౌన్ ఈ జాతి మొక్కలకు 'వాండా' అని పేరు ఖాయం చేశాడు. అది ఇంగ్లీషు మాట కాదు. మన సంస్కృతపు 'వందా'. కనుక ఆర్కిడు పరదేశపు దొరసాని అనుకొని బెదరవలసిన పని లేదు. మన ఊరి కొమ్మ మీది పిల్లే.

తమాషా ఏమిటంటే, అమరకోశం ఈ వందకు చెప్పిన పేర్లలో వృక్షాదని అని ఒకటి, వృక్షరుహ అని ఒకటి ఉన్నాయి. మొదటిదానికి చెట్టును తినేది అని అర్థం. రెండవదానికి చెట్టు మీద మొలిచేది అని అర్థం. పల్లెవాళ్ళు కూడా రెండు రకాల మొక్కలనూ ఒక్క బదనిక పేరుతోనే పిలుస్తారు. మామిడి కొమ్మ మీద కనిపించే బదనిక ఒకటి ఉంది చూడండి, ఎర్రని గొట్టాల్లాంటి పువ్వులతో. అది కొమ్మలోకి వేరు గుచ్చి చెట్టు రసం తాగుతుంది. అది వృక్షాదని. ఆర్కిడు అట్లాంటిది కాదు. దాని వేరు బెరడును పట్టుకుంటుంది గాని లోపలికి దిగదు. చెట్టు దానికి అన్నం పెట్టే ఇల్లు కాదు, కూర్చోవటానికి పీట మాత్రమే. అది వట్టి వృక్షరుహ.

ఈ రెండు మాటలకూ ఉన్న తేడా పట్టుకుంటే ఆర్కిడు పెంపకంలో సగం వచ్చేసినట్లే.

మా పక్కింటి కోడలుపిల్ల దగ్గర ఈ మాట చెబితే ఆమె ఊరుకోలేదు.

"మరి తిండెట్లా పిన్నిగారూ? కొమ్మ మీద ఏముంటుంది?"

"వాన నీళ్ళు కారేటప్పుడు బెరడు మీది దుమ్మూ, ఆకుల కుళ్ళూ, పక్షి రెట్టా కరిగి జారతాయి గదమ్మా, అదే దాని తిండి. చాలా పలచని గంజి. తక్కినది ఆకులు ఎండలో వండుకుంటాయి."

"అంటే కుండీలో మనం వేసేది తిండి కాదన్నమాట."

"కాదు. అది పీట."

ఆ పీట ఎట్లా ఉండాలో వేరును చూస్తే తెలుస్తుంది. ఆర్కిడు వేరు చుట్టూ తెల్లని పొర ఒకటి ఉంటుంది. అవి చచ్చిపోయిన కణాలు. స్పంజిలాగా బోలుగా ఉంటాయి. ఎండినప్పుడు వేరు వెండిపూత పూసినట్లు తెల్లగా ఉంటుంది. నాలుగు చినుకులు పడగానే ఆ పొర నీటిని గుటుక్కున మింగుతుంది. లోపలి పచ్చదనం బయటికి కనబడుతుంది. వాన వెలిశాక గాలి తగిలి మళ్ళీ తెల్లబడుతుంది. తడవటం, ఆరటం, మళ్ళీ తడవటం — ఈ వరసకు అలవాటుపడిన వేరు అది. దానిని పగలూ రాత్రీ తడిసి ఉండే మన్నులో పాతిపెడితే స్పంజి నిండా నీరు నిలిచి గాలి ఆడదు. వేరు కుళ్ళుతుంది.

ఈ పాఠం మనకంటె ముందు ఇంగ్లండులో గొప్ప గొప్పవాళ్ళు చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. 19వ శతాబ్దం మొదటి భాగంలో ఓడలకొద్దీ ఆర్కిడ్లను తెప్పించుకొని, వేడిదేశపు మొక్కలు గదా అని అద్దాల ఇళ్ళలో గాలి చొరకుండా తలుపులు బిగించి, ఉడికించి, వేలకొద్దీ చంపుకున్నారు. తరువాత తలుపులు తెరిచారు, మన్ను తీసేశారు. ఒక రకం ఫెర్ను మొక్క వేళ్ళ పీచులో పెట్టసాగారు. 20వ శతాబ్దం నడిమికి ఆ పీచు గిరాకీ అయి, చెట్ల బెరడు ముక్కలు వాడుకలోకి వచ్చాయి. ఏ దేశంలోనైనా జరిగింది ఒకటే: ఎవరికి దగ్గరలో ఏది చవకగా దొరికి, వేరుకు గాలి ఆడనిచ్చిందో దానితో పెంచారు. మనమూ అదే చెయ్యాలి. పొట్లం మీద ఏ దేశం పేరుందో చూడటం కాదు. మన ఊళ్ళో ఏముంది, మన నీళ్ళెట్లాంటివి అని చూడాలి.

బజారులోనూ, కొరియరులోనూ దొరికేవాటిని ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది స్ఫాగ్నం నాచు. న్యూజిలాండు నుంచీ చిలీ నుంచీ ఎండబెట్టి పంపుతారు. పొడిగా ఉన్నప్పుడు దూదిలా తేలిక. తడిస్తే తన బరువుకు పదిహేను, ఇరవై రెట్లు నీరు పట్టుకుంటుంది. నర్సరీవాళ్ళకు మంచిది, ప్రయాణంలో మొక్క ఎండదు. ఇంటికి వచ్చాక చిక్కే. బిగించి కుక్కిన నాచు నడుమ తడి రోజుల తరబడి ఆరదు. పైన చూస్తే పొడిగా ఉంటుంది. మనం మళ్ళీ పోస్తాం. పైగా అది ఉప్పులేని మెత్తని నీటిలో పుట్టిన నాచు. మన బోరునీటిలోని ఉప్పంతా దానిలో పేరుకుంటుంది. దూరపు ఊళ్ళ నుంచి మొక్క తెప్పించుకుంటే పువ్వులు రాలాక కుండీ నుంచి తీసి, నడుమ ఉన్న నాచు ముద్దను వేళ్ళు తెగకుండా విడదీసి పారవెయ్యండి. చాలా మొక్కల ప్రాణం ఆ ముద్దలోనే పోతుంది.

రెండవది పైన్ చెట్టు బెరడు. మంచిదే. కొత్తది నీటిని అంటనివ్వదు, అందుచేత ఒక రోజంతా నానబెట్టి వాడాలి. రెండు మూడేళ్ళలో మెత్తబడి పొడి అవుతుంది. అప్పుడు మార్చక తప్పదు. మన వైపు పుట్టేది కాదు గనుక ఖరీదు. ఒకటి రెండు మొక్కలకైతే కొనవచ్చు.

మూడవది కొబ్బరి డొక్కల ముక్కలు. కోనసీమ పుణ్యమా అని మనకు లోటు లేదు. నీరు పట్టుకుంటుంది, గాలీ ఆడనిస్తుంది. కాని దానిలో సహజంగానే ఉప్పుంటుంది. అంగుళం ముక్కలుగా కొట్టి బకెట్టులో నానవేసి, ఒక రోజు తరువాత ఎర్రని ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానవేసి, ఇట్లా కనీసం మూడుసార్లు కడిగిన తరువాతే మొక్క దగ్గరికి తీసుకుపోవాలి. డొక్కలు వేరు, కొబ్బరి పొట్టు వేరు. అంగళ్ళలో ఇటుకలాగా నొక్కి అమ్మే కోకోపీట్ ఆ పొట్టే. వంగనారుకూ మిరపనారుకూ అది బంగారం. ఆర్కిడుకు మాత్రం మన్ను ఎంతో అదీ అంతే.

నాలుగవది వేరుశనగ తొక్క. మెట్ట ప్రాంతం గనుక ఊరికే దొరుకుతుందని ఇద్దరు ముగ్గురు అడిగారు. తేలికగానే ఉంటుంది గాని త్వరగా కుళ్ళి ముద్ద కడుతుంది. వద్దు.

అయిదవది రాయి. చీమకుర్తి నల్లరాయి ముక్కలు చూడటానికి అందంగా ఉంటాయి. కాని నున్నని రాయి నీటిని పట్టుకోదు, ఎండలో కాగిపోతుంది. గాలికి కుండీ పడిపోకుండా అడుగున నాలుగు ముక్కలు వెయ్యండి, చాలు. దానికి బదులు పాత ఇటుక ముక్కలో, ఇంటి పెంకు ముక్కలో మంచివి. కాలిన మట్టికి సన్నని రంధ్రాలుంటాయి. కొంచెం తడి దాచుకొని నెమ్మదిగా వదులుతుంది.

ఆరవది, నేను మా ఊరికి పెద్దపీట వెయ్యాలనేది, బొగ్గు.

రాక్షసిబొగ్గు కాదు సుమా, కట్టెబొగ్గు. సర్కారుతుమ్మ మన ప్రాంతాన్ని ఎట్లా ఆక్రమించిందో చెప్పనక్కరలేదు. ఆ తుమ్మను కాల్చిన బొగ్గు గట్టిగా ఉంటుంది, కుళ్ళదు, చీమలూ చెదలూ దాని జోలికి రావు. ఇస్త్రీబండి అతను బొగ్గు ఎక్కడ కొంటాడో అడిగితే దారి చెబుతాడు. పెట్టెలో కాలగా మిగిలినది మాత్రం తెచ్చుకోవద్దు. కొత్త బొగ్గే కావాలి. హోటలు పొయ్యిలో నూనె పడ్డదీ పనికిరాదు. ముక్కలు కొట్టి, జల్లించి, బూడిద పోయేదాకా కడగాలి. బూడిదలో క్షారం ఉంటుంది. లేత వేళ్ళ పిల్లమొక్కకు బఠాణీగింజంత ముక్క, పెద్ద మొక్కకు ఉసిరికాయంత ముక్క. బొగ్గుకూ ఒక లోపం ఉంది, దాచను: నీటిలోని ఉప్పును అది తనలో పేర్చుకుంటుంది. రెండేళ్ళకొకసారి మార్చాలి.

చూశారా, ఏ వస్తువు దగ్గరికి పోయినా మాట తిరిగి తిరిగి నీటి దగ్గరికే వస్తున్నది. నిజానికి కుండీలో ఏమి వెయ్యాలో నిర్ణయించేది మొక్క కాదు, మన నీళ్ళు. ఆ సంగతే ఇప్పుడు చెప్పాలి.

మా ప్రాంతపు నీటి కథ కొత్తది కాదు. భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళు గారపట్టటం, ఎముకలు బిగుసుకుపోవటం జరుగుతుందని మద్రాసు రాజధానిలోని వైద్యులు 1937లో ఒక వ్యాసం ప్రకటించారు. వాళ్ళు ముఖ్యంగా పరిశీలించింది నెల్లూరు జిల్లాను. అప్పుడు కనిగిరి నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా ఆ జిల్లాలోనే ఉన్నది. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపు ఉండటం మంచిదనీ, వేరే నీరు దొరకకపోతే 1.5 దాకా సహించవచ్చుననీ మన ప్రమాణాల సంస్థ చెబుతుంది. మరిగిస్తే ఫ్లోరైడు పోదు. ఆవిరయ్యేది నీరే, మిగిలిన నీటిలో అది ఇంకాస్త చిక్కనవుతుంది. అందుకనే ఈ వైపు ఇళ్ళలో శుద్ధి చేసిన నీటిని ఇరవై లీటర్ల డబ్బాలతో కొనుక్కుంటారు.

ఫ్లోరైడు సంగతి అట్లా ఉంచి, ఆర్కిడుకు అసలు శత్రువు నీటిలో కరిగిన మొత్తం లవణాలు. లీటరుకు 150, 200 మిల్లీగ్రాముల లోపైతే హాయిగా ఉంటుంది. మనుషులకు 500 లోపు మంచిదనీ, గత్యంతరం లేకపోతే 2,000 దాకా తాగవచ్చుననీ ప్రమాణం. అంటే మనం తాగి బ్రతకగల నీటితో ఆర్కిడు చావగలదు. కుండీ అంచున తెల్లని సున్నపు గీత కట్టటం, వేరు కొనలు నల్లగా మాడటం చూస్తే సంగతి అర్థం చేసుకోండి.

ఈ లెక్క చెప్పగానే పక్కింటి కోడలుపిల్ల సుళువైన దారి చెప్పింది.

"అయితే డబ్బా నీళ్ళే పోస్తాను పిన్నిగారూ. దానికి పట్టేది గ్లాసుడేగా!"

నేను బదులు చెప్పేలోగా వసారాలో కూర్చున్న మా అత్తయ్యగారు అందుకున్నారు. ఆమె పుట్టి పెరిగింది నీటి జబ్బున్న పల్లెలో. మోకాళ్ళు పూర్తిగా వంగవు. ఎత్తుపీట లేనిదే కూర్చోలేరు.

"గ్లాసుడు మంచినీళ్ళ కోసం నేను చిన్నప్పుడు బిందె చంకన పెట్టుకొని పక్క ఊరి బావికి పోయేదాన్నే అమ్మాయీ. రోజూ పోలేక ఉన్న నీళ్ళే తాగాం. పువ్వు మీద నాకేం కోపం లేదు. వాన దానికీ కురుస్తుంది గదా, దాని వాటా దాన్ని పట్టుకోమను."

ఎవరమూ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి మా రెండిళ్ళలోనూ అదే చట్టం: కొన్న మంచినీరు మనిషికి, వాననీరు పువ్వుకు.

వాటా అంటే ఎంతో లెక్క వెయ్యండి. పది చదరపు మీటర్ల రేకుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే నూరు లీటర్ల నీరు. మొదటి అయిదు నిమిషాల దుమ్మునీరు వదిలేసి, తక్కినది గుడ్డ కట్టిన గొట్టంతో మూతపెట్టిన పీపాలోకి పట్టుకోవాలి. మూత లేకపోతే దోమల పెంపకం అవుతుంది. అరలీటరు చొప్పున ఆరు కుండీలకు రోజుకు మూడు లీటర్లు. నూరు లీటర్లు నెల రోజులకు పైగా వస్తాయి. ఇంకొక పొదుపు కూడా చెబుతాను. కుండీని బకెట్టులో పది నిమిషాలు ముంచి తీసి, ఆ నీటిలోనే తరువాతి కుండీని ముంచవచ్చు. కాని ఒక మొక్కకు కుళ్ళు ఉంటే అన్నిటికీ పాకుతుంది, కనుక ఆరోగ్యంగా ఉన్నవాటికే. ఏ.సి. ఉన్న ఇళ్ళలో గొట్టం నుంచి కారే నీరు గాలిలోని తేమే గనుక దానిలో లవణాలు లేనట్లే. మొక్కకు వాడుకోవచ్చు, మనుషులు తాగరాదు. శుద్ధి యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం మొక్కకు పోయవద్దు. తీసేసిన ఉప్పంతా ఉండేది దానిలోనే. నేల తుడుచుకోవటానికి ఉంచండి.

ఇక కలుపు పాళ్ళు. ఇవి కనిగిరి, పొదిలి, పామూరు వంటి మెట్ట ఊళ్ళకు. గోదావరి జిల్లాలవారు కొబ్బరి డొక్క తగ్గించి బొగ్గు పెంచుకోవాలి. వాళ్ళ గాలిలోనే తడి ఉంది.

వాండాలకు ఏమీ వెయ్యనక్కరలేదు. చెక్క బుట్టలో నాలుగు పెద్ద బొగ్గు ముక్కలు పెట్టి వేలాడదీసి, పొద్దున్నే వేళ్ళు పచ్చబడేదాకా తడపండి. వేసవిలో సాయంత్రం ఎండ తగ్గాక ఇంకొకసారి.

డెండ్రోబియంలకు పక్కల చిల్లులున్న మట్టి కుండీ. బొగ్గు రెండు పాళ్ళు, పెంకు ముక్కలు ఒక పాలు, కడిగిన కొబ్బరి డొక్క ఒక పాలు. మొక్కకంటె కుండీ పెద్దదైతే నడుమ తడి నిలుస్తుంది. ఇరుకుగా ఉన్నా ఫరవాలేదు, వదులుగా ఉండకూడదు.

సీతాకోకచిలుకల్లాంటి పువ్వుల ఫలనాప్సిస్ ఎండకు ఓర్వదు. ఇంట్లో కిటికీ దగ్గర, లోపలి వేళ్ళు కనబడే ప్లాస్టిక్ కుండీలో, బొగ్గూ బెరడూ కొబ్బరి డొక్కా సమపాళ్ళుగా. పైన చిటికెడు నాచు పరిస్తే చాలు.

నీరు ఎప్పుడు పోయాలి? క్యాలెండరు చూసి కాదు. దేవుడి దగ్గర కాలిపోయిన అగరొత్తి పుల్ల కడిగి కుండీలోకి గుచ్చి, పది నిమిషాల తరువాత తీసి బుగ్గకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉంది. పొడిగా ఉంటే పొయ్యండి. నెలకొకసారి వాననీరు ధారాళంగా పోసి, పది నిమిషాలు ఆగి మళ్ళీ పోస్తే పేరుకున్న ఉప్పు కరిగి దిగిపోతుంది. బొగ్గులో తిండి లేదు గనుక, పొట్లం మీద వ్రాసిన మోతాదులో నాలుగవ వంతు ఎరువు కలిపిన నీరు వారానికొకసారి ఇవ్వాలి. పలచని గంజి అన్నాను గదా, అంతే.

రెండు ఉత్తరాలకు విడిగా జవాబు చెప్పాలి.

అడవి నుంచి బదనికలు తెచ్చి అమ్మేవాడున్నాడు, కొనమంటారా అని అడిగిన సోదరికి: వద్దమ్మా. ఆర్కిడు గింజ ధూళి వంటిది. దానిలో తిండి నిల్వ ఉండదు. తగిన బూజు తోడు దొరికితే తప్ప అడవిలో మొలవదు. కొమ్మ మీది ఒక్క మొక్క పెరిగి పూయటానికి ఏళ్ళు పడుతుంది. రిజర్వు అడవిలో నుంచి తీసుకురావటం చట్టరీత్యా నేరం కూడా. నర్సరీవాళ్ళు సీసాలలో పెంచిన పిల్లలను అమ్ముతున్నప్పుడు కొమ్మను బోసి చెయ్యటం ఎందుకు? గాలివానకు విరిగిన మీ పొలం గట్టు కొమ్మ మీద బదనిక ఉంటే మాత్రం దాన్ని తెచ్చుకొని వేపచెట్టుకు గుడ్డపేలికతో కట్టండి, బ్రతుకుతుంది.

గొలుసు తాకట్టు పెట్టి, నీడవల వేసి, 200 డెండ్రోబియంలతో పువ్వుల వ్యాపారం పెడతాను, ఏ మిశ్రమం వెయ్యాలో చెప్పండి అని అడిగిన పొదిలి అమ్మాయికి: నీ ధైర్యం నాకు నచ్చింది. అయితే మిశ్రమం కంటె ముందు చెయ్యవలసిన పని ఒకటుంది. నీ బోరునీటిని పరీక్ష చేయించు. లవణాలను కొలిచే చిన్న యంత్రం కొద్ది వందల రూపాయలకు వస్తుంది. గొలుసు కంటె చాలా చవక. అంకె 200 లోపుంటే ముందుకు పో. ఎక్కువ ఉంటే ఈ లెక్క చూడు: 200 మొక్కలకు అరలీటరు చొప్పున రోజుకు నూరు లీటర్లు. జనవరి నుంచి మే నెలాఖరు దాకా వాన మీద ఆశ పెట్టుకోలేని 150 రోజులకు 15,000 లీటర్లు. వేసవిలో రెండు పూటలంటే ఇంకా ఎక్కువ. అంత వాననీరు నిలవచేసే తొట్టి నీకు ఉందా? లేకపోతే మొదటి ఏడు పది మొక్కలతో మొదలుపెట్టు. పది మొక్కలకు 750 లీటర్లు, నాలుగు పీపాలు. ఒక వేసవి దాటించి, అవి పూసిన తరువాత మీ ఇంట్లోవాళ్ళతో కూర్చొని గొలుసు సంగతి ఆలోచించు. వేసవి దాటని తోటకు వడ్డీ మాత్రం నెలనెలా దాటుతూనే ఉంటుంది.

ఇంత చదివాక "ఇన్ని తిప్పలెందుకు, బంతిపూలు వేసుకోరాదా?" అనేవారుంటారు. మా వారు రోజూ అనే మాటే అది. వేసుకోండి, బంతి నాకూ ఇష్టమే. కాని బంతి కాస్త మన్నూ రెండు చెంబుల నీళ్ళూ అడిగి ఊరుకుంటుంది. ఆర్కిడు మనచేత ఇంటి కప్పు కొలిపిస్తుంది, వాన చుక్కలు లెక్కపెట్టిస్తుంది, బోరునీటిలో ఏముందో అడిగిస్తుంది. మా పక్కింట్లో నీటి పరీక్ష జరిగింది ఆ పువ్వు కోసమే. అంకె చూశాక ఆ ఇంటి పెద్దాయన, పిల్లల పాలలోకీ వంటలోకీ కూడా బోరునీరు వాడటం మానిపించారు.

కనుక ఆర్కిడు కొనదలచినవారు ఈ వరస పాటించండి. ముందు నీటి పరీక్ష. తరువాత మూతతో సహా ఒక పీపా. ఆపైన మూడు కిలోల కట్టెబొగ్గు. మొక్క నాలుగవది, వాన పడి పీపా నిండిన తరువాత నర్సరీకి బయలుదేరితే చాలు.

వచ్చే వారం కరివేపాకు మొక్కకు ఆకులు ఎందుకు ముడుచుకుంటున్నాయో చూద్దాం. ఆ ఉత్తరాలు కూడా కట్టకు పైగా ఉన్నాయి.